తబితమ్మకి అందని జావ

గోడలకి గడియారాలు ఇంకా ఎక్కని రోజుల్లో, గంట మోగితేనే ఆదివారమని తెలిసే ఊళ్ళో, అనగనగా ఒక కాలవ గట్టు. ఆ గట్టు మీద తాటాకుల ప్రార్థన మందిరం. మందిరంలో ఒక మూల పెద్ద మట్టికుండ.

ఆ కుండ పెట్టించింది తబితమ్మ అనే ముసలమ్మ. ఆమె చెప్పినట్టే సంఘంలో ఆడవాళ్ళంతా ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి పక్కన ఉంచేవారు. ఆదివారం కొంగున మూటగట్టి తెచ్చి కుండలో పోసేవారు. సంఘంలో ఎవరు మంచాన పడినా, ఆ బియ్యంతోనే జావ కాచి పట్టుకెళ్ళేవారు.

కాచేది లేయమ్మ. ఆమె చేతిలో ఏముందో గానీ, నోరు చేదెక్కి మంచినీళ్ళు కూడా వద్దన్నవాళ్ళు ఆమె జావ తాగేవారు. మంచం పక్కన కూర్చుని, నాలుగు మంచి మాటలు చెబుతూ తాగిస్తే మెల్లగా లేచి కూర్చునేవారు. ఆ పని ఆమెకి నేర్పింది తబితమ్మే. బాలింతగా లేయమ్మ చావుబతుకుల్లో పడి ఉన్నప్పుడు, గరిటెతో నోట్లో పోసి నిలబెట్టిందీ ఆమే.

ఒక ఆదివారం పాస్టరుగారు అందరి ముందూ అన్నారు, "లేయమ్మ చేతికి దేవుడు వరమిచ్చాడు" అని.

ఆ మాట లేయమ్మకి తియ్యగా తగిలింది. ఇంటికెళ్ళేదాకా తన కుడిచెయ్యి తానే చూసుకుంటూ నడిచింది. వరమంటే మాటలా, కనబడిన ప్రతి గుమ్మంలో పారబోస్తారా అనుకుంది. కోత పండగ వస్తోంది. ఆ రోజు సంఘమంతా కలిసి తినే ప్రేమవిందు తనే వండాలి, చుట్టుపక్కల సంఘాలన్నీ తన పేరు చెప్పుకోవాలి అనుకుంది. ఇక ఆ బియ్యం పండగకేనని కుండ మీద మూత పెట్టి, మూత మీద రాయి పెట్టింది.

ముందుగా బండి తోలే ఫిలిప్పు వచ్చాడు.

"వదినా, మా ఆవిడకి జ్వరం తగ్గింది గానీ ముద్ద దిగట్లేదు. కాస్త జావ కాచి పెడతావా?"

"పండగ బియ్యం ఇప్పుడే ముట్టుకుంటే ఎలా తమ్ముడూ? మీ ఇంట్లో పొయ్యి లేదా?"

"పొయ్యి ఉంది వదినా. నేను కాస్తే అది గోడకి పూసుకోడానికే పనికొస్తుంది" అని నవ్వబోయి, నవ్వు రాక వెళ్ళిపోయాడు.

తర్వాత మంగ వచ్చింది. సంఘంలో కొత్తగా చేరిన పిల్ల.

"పోనీ నాకు నేర్పక్కా. నీకు తీరిక లేనప్పుడు నేను కాచి తీసుకెళ్తాను."

"నేర్పితే వచ్చేదా ఇది? నిన్నగాక మొన్న వచ్చావు. ముందు పాటలు నేర్చుకో."

మంగ తల దించుకుంది. ఆనాటి నుంచి మందిరంలో గుమ్మం దగ్గరే కూర్చుని, ఆఖరి ప్రార్థన కాకముందే లేచిపోయేది.

పండగ రేపనగా తబితమ్మ కోడలు రాహేలు వచ్చింది.

"పిన్నీ, అత్తయ్య మంచం దిగట్లేదు. ఏం పెట్టినా వద్దంటోంది. లేయ చేతి జావయితే తాగుతానంటోంది."

లేయమ్మ చప్పున లేచింది. ఒక కాలు గుమ్మం దాటింది కూడా. కానీ వాకిట్లో గుండిగలు తోముతున్నారు. పొరుగు సంఘాల వాళ్ళు బండ్లు దిగుతున్నారు.

"రేపే కదే పండగ. విందు కాగానే జావ కాచి మొదటి గిన్నె మీ అత్తయ్యకే తెస్తానని చెప్పు."

"చెబుతాను పిన్నీ" అని వెళ్ళింది రాహేలు.

మర్నాడు పొద్దున గంట మోగింది. అది పండగ గంట కాదు. ఒక దెబ్బకీ మరో దెబ్బకీ మధ్య ఊపిరి ఆగేంత ఎడం. లేయమ్మ చేతిలో గరిటె చేతిలోనే ఉండిపోయింది.

చావింట్లో పొయ్యి వెలిగించరు కదా, తబితమ్మ సమాధి దగ్గర్నుంచి వచ్చినవాళ్ళకి ఆ పండగ అన్నమే పెట్టారు. పొరుగూరి వాళ్ళు తిని, "ఎవరమ్మా వండింది? ఎంత కమ్మగా ఉందో" అన్నారు. ఎన్నాళ్ళుగానో లేయమ్మ వినాలనుకున్న మాట అది. ఆమెకి మాత్రం మెతుకు దిగలేదు.

రాహేలు వచ్చి పక్కన కూర్చుంది.

"తెల్లారుజామున కూడా అడిగింది పిన్నీ, లేయ వచ్చిందా అని. వస్తోంది, దారిలో ఉంది అన్నాను. సరేనని గుమ్మం వైపు తిరిగి పడుకుంది."

ఆ గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండునని లేయమ్మ అనుకుంది.

ఆ సాయంత్రమే ఆమె కుండ మీద రాయి తీసేసింది. మంగ ఇంటికి తానే వెళ్ళి, "రామ్మా, నూక ఎలా వేయించాలో చూపిస్తాను. మొన్నటి మాట మనసులో పెట్టుకోకు" అంది. ఇద్దరూ కలిసి ఫిలిప్పు ఇంటికి వెళ్ళారు. ఫిలిప్పు భార్య గిన్నెడు తాగి లేచి కూర్చుంది. పోనుపోను కాలవ గట్టున మంచాన పడ్డవాళ్ళ ఇళ్ళన్నిటికీ మంగ చేతి జావ కూడా అందింది.

కానీ తబితమ్మ ఇంటి ముందు నుంచి వెళ్ళేటప్పుడల్లా లేయమ్మ చేతిలో గిన్నె బరువెక్కేది. ఎంత త్వరగా కాచినా, ఎంత వేడిగా పట్టుకెళ్ళినా, ఆ ఒక్క గుమ్మానికి మాత్రం ఆమె రాక ఆలస్యమే.

అందుకే పిల్లలూ, దేవుడు మనకిచ్చిన వరం మన పేరు కోసం దాచుకునేది కాదు, తోటివాళ్ళని నిలబెట్టడానికి ఈ పూటే పంచిపెట్టాల్సింది.