ఆదెమ్మ కొసముడి

గోదారమ్మకు ఇంకా గట్లు వెయ్యని రోజులవి. ఏ లంకకు ఆ లంకే ఒక లోకం. అనగనగా ఆ లంకల్లో జీలుగులంక అని ఒకటి, ఆ జీలుగులంకలో పోలి అని ఒక పిల్ల.

పోలికి పదహారేళ్లు. అమ్మా నాన్నా లేరు. చెట్టెక్కితే ఉడత సిగ్గుపడాలి. ఎక్కేది పరాయివాళ్ల చెట్టు, దింపేది పరాయివాళ్ల కాయ. అందుకని ఆ పిల్ల వస్తోందంటే ఊరంతా తలుపులు వేసుకునేది.

ఒకనాడు పోలి ఆదెమ్మ పెరట్లో చెట్టు దిగుతూ దొరికిపోయింది. ఆదెమ్మంటే కొబ్బరిపీచుతో తాళ్లు పేనుకు బతికే ముసలమ్మ. నడుం వంగింది గాని చేతులు మాత్రం ఇనుము.

"కొట్టు మామ్మా, కానిచ్చెయ్యి, నాకవతల పనుంది" అంది పోలి.

"కొట్టడానికి నాకెక్కడ తీరికే? కాయ నువ్వు తిను. పీచు నాకియ్యి."

పోలి తెల్లబోయింది. కాయ తింది, పీచు ఇచ్చింది. ఆదెమ్మ ఆ పీచు నానబెట్టి, బాది, ఆరబెట్టింది. మూడోనాడు పోలిని పిలిచి ఒక కొస చేతికిచ్చింది. ఇద్దరూ కలిసి పురి తిప్పారు. తాడు సాగింది, సాగింది, చివరికొచ్చింది. అక్కడ ఆదెమ్మ చేతులు తీసేసింది.

"అదేంటి మామ్మా! ముడి వెయ్యకపోతే విడిపోదూ?"

"విడిపోద్ది. అందుకే నువ్వు వెయ్యి. పురి నాది, కొసముడి నీది."

ఆ సీమలో తాడు పేనేవాళ్లకు కొసముడి అంటే చేవ్రాలు లాంటిది. ముడి చూసి ఇది ఫలానావాళ్ల తాడని చెప్పేవారు. అలాంటి ముడిని దొంగపిల్ల చేతిలో పెట్టింది ఆదెమ్మ. పోలి మూడుసార్లు వేసింది, మూడుసార్లు జారింది. నాలుగోసారి నిలిచింది. ఆ తాడును ఆదెమ్మ అమ్మలేదు. చావిడి దూలానికి వేలాడగట్టింది.

తరువాత గవర్రాజు వచ్చాడు. కనిపించినవాడినల్లా కొట్టేవాడు. "పిడికిలి గట్టిదేరా నీది. ఇదుగో, ఈ కొస పట్టుకో" అంది ఆదెమ్మ. ఆ తరువాత ఈరన్న వచ్చాడు. పొద్దస్తమానం నిద్రే. "పడుకోరా నాయనా, ఎవరొద్దన్నారు? ఆ కాలిబొటనవేలు మాత్రం ఇలా ఇయ్యి" అని వేలికి తాడు తగిలించి పురి తిప్పింది. చక్కిలిగిలికి వాడు లేచి కూర్చున్నాడు. మళ్లీ పడుకోలేదు.

ఎవరొచ్చినా ఒకటే మాట: పురి నాది, కొసముడి నీది.

ముగ్గురు పదిమందయ్యారు, పదిమంది నలభైమందయ్యారు. ఒక్కొక్కరు పేనిన మొదటి మోకు దూలానికెక్కింది. పొరుగింటావిడ ఎకసక్కెమాడేది: "ఏమ్మా ఆదెమ్మా, ఊళ్లో చెత్తంతా నీ చావిట్లోకే ఊడ్చుకున్నావా?"

"పురి పెట్టేదాకా పీచూ చెత్తేనమ్మా" అనేది ఆదెమ్మ. అంతే, మళ్లీ పనిలో పడేది.

భగవంతుడు ఎవరి రోజు వారికి రాసే ఉంచుతాడు. ఆషాఢంలో ఒక ఉదయం, సగం పేనిన తాడు ఒళ్లో ఉండగానే ఆదెమ్మ కన్నుమూసింది. పోలి ఏడుస్తూనే ఆ తాడు పూర్తిచేసి కొసముడి వేసింది. ఊళ్లోవాళ్లు రెండునాళ్లు అయ్యోపాపమని, మూడోనాడు మరిచిపోయారు.

శ్రావణంలో గోదారి పొంగింది. అవతలి చిన్నలంక మునిగిపోతోంది. జనం దిబ్బెక్కి కేకలు పెడుతున్నారు. సుడులు చూసి పడవవాళ్లు దణ్ణాలు పెట్టేశారు. ఇవతలి ఒడ్డు మీద పెద్దమనుషులు ఏంచేద్దామని మాట్లాడుకుంటూ నిలబడ్డారు.

పోలి చావిట్లోకి పరుగెత్తింది. దూలం మీది నలభై మోకులూ దించింది. ఆదెమ్మ పిల్లలంతా చేరి, ఒకదాని కొసముడిని ఇంకొకదాని ఉచ్చులో బిగించుకుంటూ నలభైనీ ఒక్కటి చేశారు. ఇవతలి కొస ఈరన్న, మిగిలినవాళ్లు పట్టుకున్నారు. రెండో కొస పట్టుకుని గవర్రాజు, పోలి అరటిబోదెల తెప్ప మీద గోదారిలోకి దిగారు. మొదటిసారి గోదారి వెనక్కి నెట్టింది. రెండోసారి తెప్ప తిరగబడింది. మూడోసారి, గోదారి తల్లికి దణ్ణం పెట్టుకుని దూకితే, అవతలి తాడిచెట్టు అందింది. కొస దానికి బిగించారు.

తాడు పట్టుకుని జనం దాటారు. ముసలాళ్లు దాటారు, చంటిపిల్లల తల్లులు దాటారు, ఆఖరికి మేకలూ దాటాయి. నలభై ముళ్లలో ఒక్కటీ జారలేదు.

ఈ సంగతి ఆ సీమనేలే రాజుగారి చెవిన పడింది. "ఈ పిల్లల్ని మనుషుల్ని చేసిందెవరో వారికి వెండి కడియం తొడుగుతాను" అని చాటింపు వేయించాడు.

ఇంకేముంది! దివాణంలో కడియానికి ముగ్గురు చేతులు చాచారు. బడిపంతులు "నా చదువే" అన్నాడు. మునసబు "నా అదుపే" అన్నాడు. సాముగరిడీల గురువు సింహాద్రి నాయుడు మీసం దువ్వి "నా కసరత్తే" అన్నాడు.

పోలి అడ్డొచ్చింది. "కాదండి. మా ఆదెమ్మ మామ్మండి."

నాయుడు నవ్వాడు. "కాయలు దొంగిలించే పిల్ల! దీని మాటకు సాక్ష్యమేంటి దొరా?"

రాజుగారు ఆ మోకులు తెప్పించి, ఆస్థానం తాళ్లమేస్త్రీకి చూపించాడు. మేస్త్రీ నలభై కొసలూ తిప్పితిప్పి చూశాడు. "మహాప్రభో, ఏ రెండు ముళ్లూ ఒకటి కావు. ఒక్క గురువు దగ్గర నేర్చినవి కావు. ఆదెమ్మ ముడి నేనెరుగుదును, అది ఇందులో ఒక్కటీ లేదు."

సభ గొల్లున నవ్వింది. మామ్మ తన ముడి తాను వేసుకుని ఉంటే ఈపాటికి పేరు నిలిచేది. మాకిచ్చి తన పేరే తుడిపేసుకుందే అనుకుంది పోలి. కళ్లనిండా నీళ్లు. ఆ నీళ్లలోంచే మోకు కనిపించింది, ఈ కొస నుంచి ఆ కొస దాకా.

"మేస్త్రీగారూ" అంది. "కొసలొదిలెయ్యండి. నడుమ చూడండి."

మేస్త్రీ వేళ్లతో పురి తడిమాడు. ఒకటి తడిమాడు, రెండు తడిమాడు, మూడోది తడిమేసరికి చేతులు జోడించాడు. "దొరా! నలభైకీ పురి ఒక్కటే. ఇది ఆదెమ్మ చెయ్యే."

"మరి ముళ్లు?" అన్నాడు రాజు.

"అవి మావండి" అంది పోలి. "ఆ మొదటిది నాది."

"ఆ రెండోది నాదండి ఆయ్" అంటూ గవర్రాజు ముందుకొచ్చాడు. ఆ వెనకే ఈరన్న. ఒక్కొక్క ముడి పైకెత్తుతుంటే ఒక్కొక్కరు జనంలోంచి లేచి వస్తున్నారు. ముప్పై తొమ్మిదిమంది అయ్యారు. నలభయ్యో ముడి దగ్గర ఎవరూ కదల్లేదు. అప్పుడు నాయుడి వెనకనుంచి అతని కొడుకే లేచాడు.

"అది నాది నాన్నా. నువ్వు నన్ను పనికిరావని గెంటేసిన ఏడాది వేశాను."

నాయుడు మీసం మీది చెయ్యి దించాడు. తలపాగా తీసి ఆ మోకు ముందు పెట్టాడు. రాజుగారు సింహాసనం దిగి నిలబడ్డాడు. రాజు నిలబడ్డాక ఇంకెవరు కూర్చుంటారు? దివాణమంతా లేచి నిలబడింది.

"తొడగడానికి ఆ తల్లి చెయ్యి లేదే!" అన్నాడు రాజు.

"అయితే కడియం కొసలు కలపకండి దొరా. విడిగా వదిలెయ్యండి" అంది పోలి. "రేపు ఇంకెవరో మాలాంటి పీచుకు పురి పెడతారు. వాళ్ల చేతికి వాళ్లు పెంచిన పిల్లలే కొసలు నొక్కుతారు."

అప్పటినుంచి ఆ సీమలో ఏటా గోదారి వరద తీసిన తరువాత, కుర్రకారును చేరదీసి మనుషుల్ని చేసినవారికి వెండి కడియం తొడుగుతారు. కంసాలి దాని కొసలు కలపడు. రాజూ కలపడు. వాళ్ల చేతికింద ఎదిగిన పిల్లలే వచ్చి నొక్కుతారు. అప్పుడు ఊరు ఊరంతా ఒక్క గొంతుతో అంటుంది: "పురి నీది, కొసముడి మాది!"

ఇప్పటికీ ఆ లంకల్లో దండ గుచ్చినా, తోరణం కట్టినా, ఆడపిల్లకు జడ అల్లినా, పెద్దవాళ్లు చివరి ముడి వెయ్యరు. పక్కనున్న చిన్నవాళ్ల చేతిలో పెడతారు. జారితే కసరరు, మళ్లీ వెయ్యమంటారు.

ఆదెమ్మ కథ విన్న చెవులు చల్లన. చెప్పిన నోటికి తీపి. ఇదుగో, నా వంతు పురి అయింది. కొస మీ చేతిలో ఉంది.