గవరయ్య పోసిన మొదటి బిందె

ఈసారి పౌర్ణమి ఉత్సవానికి యాత్రికుల్ని హాల్లో పడుకోనివ్వద్దని గురువుగారు అనేసరికి గవరయ్య ఊడుస్తున్న చీపురు కింద పడేశాడు.

సముద్రం ఒడ్డున ఉన్న ఆ ఆశ్రమంలో హాలంటే గవరయ్య, గవరయ్యంటే హాలు. నలభై రెండేళ్ళ కిందట దాన్ని కట్టేటప్పుడు పన్నెండుమంది శిష్యులు రోజూ సముద్రస్నానం చేసి, తడిబట్టలతో తలా ఒక బిందె సముద్రపు నీళ్ళు మోసుకొచ్చి కాంక్రీటులో కలిపారు. పుణ్యమని కలిపారు. మొదటి బిందె గవరయ్యదే. ఆ మాట ఎవరడిగినా చెప్పేవాడు, అడక్కపోయినా చెప్పేవాడు.

వాళ్ళలో పదకొండుమంది కాలం చేశారు. అప్పటి గురువుగారూ పోయారు. హాలుకున్న పన్నెండు పిల్లర్లకీ గవరయ్య ఆ పదకొండుమంది పేర్లూ, తన పేరూ పెట్టుకున్నాడు. పొద్దున్నే ఊడుస్తూ "ఏం పైడయ్యా, ఏం సూరన్నా" అని పలకరించేవాడు. కొత్త శిష్యులు చాటున నవ్వుకునేవారు. పలకరించడానికి ఆయనకి ఇంకెవరున్నారు పాపం!

ఇప్పటి గురువుగారు వయసులో ఆయనకన్నా చిన్న. గవరయ్య ఆయన ముందుకెళ్ళి చేతులైతే కట్టుకున్నాడుగానీ గొంతులో కోపం దాగలేదు.

"ఏటి స్వామీ ఇది? మొన్న భూమి కదిల్తే వంటింట్లో గిన్నెలన్నీ దొర్లాయి. హాలుకి ఒక్క పెచ్చు రాలిందా?"

"అది చిన్న కుదుపు" అన్నారు గురువుగారు.

"పెద్దదొచ్చినా నిలబడతాది. అది మేం కట్టిన హాలు."

గురువుగారు సుత్తి తీసుకుని లేచారు. "అన్నిట్లోకీ గట్టి పిల్లర్ చూపించండి."

గవరయ్య తన పేరు పెట్టుకున్న పిల్లర్ చూపించాడు. ఏటా దానిమీద గోధుమరంగు చారలు తేలేవి. ఏటా తనే సిమెంటు మెత్తి, సున్నం కొట్టి కప్పేసేవాడు.

సుత్తి తగలగానే డొల్ల చప్పుడైంది. రెండో దెబ్బకి జానెడు పెచ్చు ఊడిపడింది. లోపల నిలువు చువ్వల చుట్టూ కట్టిన రింగు తుప్పుపట్టి ఉబ్బిపోయి ఉంది. గురువుగారు లాగితే ముక్క చేతికొచ్చింది.

కట్టినప్పుడు మిగిలిన అదే రకం చువ్వ ఒకటి వంటింటి అటకమీద పొడిగా ఉండిపోయింది. దాన్ని తెప్పించి ముందు గవరయ్యకిచ్చారు.

"వంచండి."

మోకాలికి ఆనించి వంచాడు. వంగింది. వెనక్కి వంచితే మళ్ళీ వంగింది.

తర్వాత పిల్లర్లోంచి వచ్చిన ముక్క ఇచ్చారు. తుప్పు రాలి అది ఇంకా సన్నబడింది కదా అని గవరయ్య చేతుల్తోనే వంచబోయాడు. పుటుక్కున విరిగింది.

"నిలబడడానికి ఇది చాలింది గవరయ్యగారూ, భూమి కదిలితే ఊగడానికి చాలదు" అన్నారు గురువుగారు.

గవరయ్య అరచేతుల్లో ఎర్రటి పొడి చూసుకున్నాడు.

"మేం పోసిన నీళ్ళేనా స్వామీ?"

"అవును."

"భక్తితో పోశాం."

"ఉప్పుకి ఆ సంగతి తెలీదు."

ఉత్సవం రోజు యాత్రికులు వచ్చేసరికి గవరయ్య పిల్లర్లన్నిటిమీదా సున్నం గీకేసి ఉంచాడు. చారలు దూరానికే కనబడుతున్నాయి. తలుపుకి తాళం. దాని ఎదుట ఇసుకలో చాప పరుచుకుని గవరయ్య ఒక్కడే కూర్చున్నాడు, లోపలికి పోబోయేవాళ్ళని చెయ్యడ్డం పెట్టి ఆపుతూ.

ఎవరో కుర్రవాడు అడిగాడు, "ఈ హాలు ఎవరు కట్టారు తాతా?"

మొదటి బిందె మాట ఆయన నోట రాలేదు.