లంక పలకలేదు

యోహానుకి ఆ సాయంత్రం కావలసింది ఒక్క సంతకం. అది మస్తాన్ సాహెబుగారి సంతకం. మిగతాదంతా కాయితం మీద తనే రాసుకొచ్చేశాడు.

ఆ కాయితంలో ఉన్నది ఇదీ. కృష్ణ పాయకి అవతలున్న లంకలో నర్సుగా చేస్తున్న నాంచారమ్మ, రేడియో క్లబ్బువాళ్ళు నమ్మి ఇచ్చిన చేతిసెట్టుని బొత్తిగా వాడటం లేదు. వరసగా ఎనిమిది రోజులు హాజరుకి పలకలేదు. కనక వరద తగ్గగానే ఆ సెట్టు వెనక్కి తెప్పించి, ఇటుపక్క రైసుమిల్లు ఆసామికి ఇవ్వాలి. రేపు పొద్దున క్లబ్బు మీటింగు. అధ్యక్షుడిగా సాహెబుగారు సంతకం పెట్టేస్తే అక్కడ ఇంక చర్చ కూడా ఉండదు.

హామ్ రేడియో అంటే తెలియనివాళ్ళకి ఒక్క ముక్క చెప్పాలి. పరీక్ష రాసి, లైసెన్సు తెచ్చుకుని, సొంత సెట్లతో ఊరూరా గాలిలో మాట్లాడుకునే మనుషులు వీళ్ళు. మామూలు రోజుల్లో అదొక సరదా. తుఫానొచ్చి ఫోన్లు చచ్చిపోయినరోజున మాత్రం ఆ సరదాయే జనానికి దిక్కు. అందుకే దివిసీమలో వానాకాలం పొడుగునా రోజూ ఐదున్నరకి హాజరు పెట్టుకున్నారు. ఒకరు ఊళ్ళ పేర్లు పిలుస్తారు, ఆయా ఊళ్ళవాళ్ళు తమ సెట్లలో 'ఉన్నాం' అంటారు. లంకలో సెల్ టవరు నెలక్రితం గాలికి పడిపోయింది కాబట్టి వాళ్ళకి ఆ చేతిసెట్టు తప్ప మరో మార్గం లేదు. దాని మాట ఇవతలి కరకట్ట దాకా అందడమే గొప్ప.

పిలిచే పని రెండు నెలలుగా యోహానుది. హైస్కూల్లో లెక్కల మాష్టారు, కంచులాంటి గొంతు. పైగా పదిరోజుల కిందటే కొత్త సెట్టు కొన్నాడు, కారులో బిగించుకునే రకం. ఏభై వాట్లు. ఒకేసారి రెండు బ్యాండ్ల మీద మాటలు వినొచ్చు, ఎడంపక్క ఒకటి, కుడిపక్క ఒకటి. అది కొన్న దగ్గర్నుంచీ అతని కాళ్ళు నేలమీద ఆనడం మానేశాయి. ఎండలో అంకెలు సరిగా కనపడవనీ, అరగంట మాట్లాడితే ఫ్యాను గోల పెడుతుందనీ, మైకు మాత్రం బ్రహ్మాండమనీ అడిగినవాళ్ళకీ చెప్పేవాడు, అడగనివాళ్ళకీ చెప్పేవాడు.

మస్తాన్ సాహెబుగారు అతనికి గురువు. అతనికే ఏమిటి, ఆ చుట్టుపక్కల మైకు పట్టుకున్న ప్రతివాడికీ ఆయనే గురువు. నాంచారమ్మ కూడా ఆయన దగ్గర చదువుకునే పరీక్ష గట్టెక్కింది. కంటి ఆపరేషనుకని గుంటూరు వెళ్ళి, పదిహేను రోజులుండి, ఆ మధ్యాహ్నమే అవనిగడ్డ తిరిగొచ్చారు. నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని వసారాలో మంచం మీద కూర్చున్నారు.

"నువ్వే చదివి వినిపించు నాయనా. నాకింకా అక్షరాలు అలుక్కుపోతున్నాయి" అన్నారు.

యోహాను చదివాడు. ఆయన చివరిదాకా విన్నారు.

"ఆ పిల్ల ఏమంటోంది?"

"ఏమంటుందండీ! 'రోజూ పలుకుతున్నాను మాష్టారూ, మీ సెట్టు ఓసారి చూసుకోండి' అని పడవవాడి చేత రెండుసార్లు చీటీ పంపింది. నన్ను, నా సెట్టుని చూసుకోమంటుందా! అబద్ధానికైనా అందం ఉండాలి కదండీ. రెండు రోజుల నుంచి నాటుపడవలు కూడా ఆగిపోయాయి కాబట్టి సరిపోయింది, లేకపోతే మూడో చీటీ కూడా వచ్చేది."

"నీ సెట్టుకి ఎంతదూరం వినపడుతుంది?"

"విజయవాడవాళ్ళు నా మాట పక్కింట్లో కూర్చుని మాట్లాడినట్టుందంటున్నారు గురువుగారూ!"

అడిగిందేమిటి, అతను చెప్పిందేమిటి! కానీ ఆ తేడా యోహానుకి తట్టలేదు. సాహెబుగారు గోడకున్న గడియారం వైపు తిరిగి, "ఐదుంపావు అయినట్టుందే. హాజరు కరకట్ట మీంచే కదా పిలుస్తావు? పద, నేనూ వస్తాను. సంతకం సంగతి అయ్యాక చూద్దాం" అని కర్ర అందుకున్నారు.

కరకట్ట మీద కారు ఆపేసరికి పాయ నిండుగా పారుతోంది. ఎగువ నుంచి వదిలిన నీళ్ళు ఎర్రగా, తుమ్మచెట్ల మొదళ్ళ దాకా వచ్చాయి. అవతల లంక సన్నటి పచ్చగీతలా కనపడుతోంది.

యోహాను గొంతు సవరించుకుని మైకు అందుకున్నాడు. మొదలెట్టాడంటే ఇంక చూడాలి. బళ్ళో అరవైమంది పిల్లల హాజరు రెండు నిమిషాల్లో ముగించే మనిషి. ఇక్కడా అదే వాటం.

"చల్లపల్లి!"

"ఉన్నాం మాష్టారూ."

"మోపిదేవి!"

"ఉన్నామండీ."

"లంక! లంక పలకలేదు. కోడూరు!"

"ఉన్నాం."

ఇదంతా ఎడంపక్క జరుగుతోంది. కుడిపక్క విజయవాడ మిత్రులు కబుర్లలో ఉన్నారు. వాళ్ళలో ఒకాయన, "మన యోహానుగారి ఆడియో అంటే ఆడియోనేనండీ" అనడం మధ్యలో వినపడింది. యోహాను ముసిముసిగా నవ్వుకుంటూనే మిగతా ఊళ్ళు పిలిచేశాడు. మొత్తం పదకొండు ఊళ్ళు, నాలుగు నిమిషాలు కూడా పట్టలేదు.

"చూశారుగా గురువుగారూ? ఇవాళ్టితో తొమ్మిది. ఇప్పుడేమంటారు?"

సాహెబుగారు ముందుకి వంగి, తడుముకుంటూ కుడిపక్క మీట పట్టుకుని పూర్తిగా తగ్గించేశారు. విజయవాడ నోరు మూతపడింది. తరవాత ఎడంపక్కనున్న చిన్న మీటని, స్క్వెల్చ్ అంటారు దాన్ని, మొదటికంటా వెనక్కి తిప్పారు. వెంటనే కారునిండా బుస్సుమని హోరు.

యోహాను చెవులు మూసుకున్నాడు. "అది తిప్పకండి గురువుగారూ! ఆ హోరు భరించలేకే అంత బిగించి పెట్టాను. అలా ఉంచితే గట్టిగా వచ్చే మాట ఒక్కటే లోపలికొస్తుంది, హాయిగా ఉంటుంది. మా ఆవిడైతే ఈ మోత వింటే కారే ఎక్కదు."

సాహెబుగారు సెట్టు కింద చెయ్యిపెట్టి మైకు వైరు ఊడబీకారు. వైరు చుట్టచుట్టి, మైకుతో సహా లాల్చీ జేబులో వేసుకున్నారు.

"మైకు లేకుండా ఎవర్ని పిలుస్తామండీ?"

"ఎవర్నీ పిలవద్దు. కూర్చో."

కూర్చోక చేసేదేముంది? కూర్చున్నాడు. రెండు నిమిషాలు గడిచాయి. అతనికి ఒళ్ళు మండిపోతోంది. నలభై ఐదేళ్ళ మనిషిని, రెండొందలమంది పిల్లలకి పాఠం చెప్పేవాణ్ణి, ఇలా గోడకుర్చీ వేయించినట్టు కూర్చోబెట్టడమేమిటి? పెద్దాయనకి కళ్ళతోపాటు మరేదైనా మందగించిందా అని కూడా అనుకున్నాడు, అనుకున్నందుకు లెంపలేసుకున్నాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక స్టీరింగు మీద దరువేశాడు. సాహెబుగారు ఆ చేతిమీద తన చెయ్యి వేశారు. దరువు ఆగిపోయింది.

ఇంకో మూడు నాలుగు నిమిషాలు. హోరు హోరుగానే ఉంది. కానీ చిత్రంగా, మొదట్లో ఉన్నంత మోటుగా లేదు. అందులో ఎత్తుపల్లాలు తెలుస్తున్నాయి. ఒకచోట ఏదో నలిగినట్టయింది. యోహాను తల తిప్పాడు. మళ్ళీ నలిగింది. ఈసారి అది గాలి కాదు, మనిషి.

"...నాంచారమ్మనండీ... లంక నుంచి..."

యోహాను సెట్టుకేసి వంగాడు.

"...మాష్టారు నేను పలకలేదన్నారు. పలికానండీ. తొమ్మిది రోజుల నుంచీ పలుకుతూనే ఉన్నాను. ఎవరైనా... వింటుంటే ఆయనకి చెప్పండి. ఇక్కడ భ్రమరాంబకి ఎనిమిదో నెల. కాళ్ళూ మొహం వాచాయి, బీపీ దిగటం లేదు... ఈ నీళ్ళలో నాటుపడవ వద్దంటున్నారు. మోటారు బోటు కావాలి. ఎవరైనా ఉన్నారా... ఐదు నిమిషాలాగి మళ్ళీ పిలుస్తానండీ."

మళ్ళీ హోరు మిగిలింది.

యోహాను గురువుగారి జేబుకేసి చెయ్యి చాచాడు. ఆయన మైకు తీసి ఇచ్చారు. హడావిడిలో వైరు సందులో దూరడానికి మూడుసార్లు పట్టింది.

బొత్తాం నొక్కాడు. "నాంచారమ్మగారూ! నేను, యోహానుని! వినపడింది! మీరు ఇప్పుడు చెప్పింది వినపడింది. నిజంగా నేను కావాలని చేసింది కాదండీ, ఈ స్క్వెల్చ్ కాస్త బిగించి ఉంచాను, కారులో మోతగా ఉంటుందని, ఇటు విజయవాడవాళ్ళు కూడా మాట్లాడుతుంటారు, దాంతో మీ చిన్నసెట్టు మాట అందలేదు. మీ చీటీలు అందాయి గానీ నేనేమనుకున్నానంటే, అసలు నా తప్పేనండీ, మీరు ఏమీ అనుకోకుండా, పెద్దమనసు చేసుకుని..."

మస్తాన్ సాహెబుగారు అతని బొటనవేలు పట్టుకుని, బొత్తాం మీంచి మెల్లిగా పైకి లేపారు.

"నువ్వు నొక్కినంతసేపూ సెట్టు చెవిటిది" అన్నారు.

వేలు లేచీ లేవగానే, హోరులోంచి ఆమె మాట సగంలో వినపడింది. "...గంట నుంచీ చూపు మసకగా ఉందంటోంది మాష్టారూ. రేపటిదాకా ఆగకూడదు. వెలుగుండగానే దాటించాలి. వింటున్నారా?"

యోహాను మళ్ళీ బొత్తాం నొక్కాడు. "విన్నాను. చూపు మసకగా ఉంది, వెలుగుండగానే దాటించాలి. ఉండండి." అంతే అన్నాడు, వేలు తీసేశాడు.

ఇటు ఫోను పనిచేస్తుంది కాబట్టి, తహసీల్దారుగారికి చేశాడు. వరద డ్యూటీకి తెచ్చిన మోటారు బోటు అదృష్టం కొద్దీ పక్క రేవులోనే ఉంది. పది నిమిషాల్లో బయలుదేరుతుందన్నారు. తరవాత అంబులెన్సుకి చేశాడు, ఆస్పత్రి డాక్టరమ్మకి చేశాడు. ఆ ముగ్గురితో మాట్లాడటం అయ్యేదాకా సాహెబుగారు సెట్టు దగ్గర చెవొగ్గి కూర్చున్నారు.

"బోటు పది నిమిషాల్లో బయలుదేరుతుంది. మీ దక్షిణపు రేవుకి వస్తుంది. ఇవతల అంబులెన్సు ఉంటుంది, డాక్టరమ్మకి కబురందింది" అన్నాడు యోహాను మైకులో.

"దక్షిణపు రేవు. పది నిమిషాలు. అలాగే మాష్టారూ, మంచంతో సహా దింపుతున్నాం."

ఆరింటికి కాస్త ముందు, నీళ్ళమీద బోటు అవతలికి వెళ్ళడం కనపడింది. తిరిగి రావడానికి ముప్పావుగంట పట్టింది. కరకట్ట కింద అంబులెన్సు తలుపులు తెరుచుకున్నాయి. మంచం దిగింది. భ్రమరాంబ తల తిప్పి చుట్టూ చూడటం యోహాను కళ్ళారా చూశాడు. అంబులెన్సు కదిలి వెళ్ళిపోయింది. అప్పుడతను కారులోకి వచ్చి కూలబడ్డాడు. హోరు ఇంకా అలాగే ఉంది. ఈసారి దాన్ని తగ్గించాలని తోచలేదు.

లంక మళ్ళీ పలికింది.

"మాష్టారూ, చేరిందా?"

"చేరిందమ్మా. మాట్లాడుతోంది."

"అమ్మయ్య!" అంది. ఆ ఒక్కమాటా హోరుని తోసుకుని స్పష్టంగా వచ్చింది. తనే మళ్ళీ మొదలెట్టింది. "ఒకటి చెప్పనా మాష్టారూ? మీ మాట నాకు రోజూ గంట కొట్టినట్టు వినపడుతుంది. నేను పలికేలోపలే మీరు 'లంక పలకలేదు' అనేవారు. ఇక్కడ అందరూ చుట్టూ కూర్చుని వినేవాళ్ళు. నేను 'ఉన్నానండీ, ఉన్నానండీ' అని అరుస్తుంటే పిల్లలు నవ్వేవాళ్ళు. మొదటి రెండురోజులూ నాకూ నవ్వొచ్చింది. తరవాత ఏడుపొచ్చింది మాష్టారూ. భ్రమరాంబకి కాళ్ళు వాచిన రోజున అయితే, ఈ డబ్బా తీసుకెళ్ళి పాయలో పారేద్దామనుకున్నాను. నేను అసలు ఉన్నానా లేనా అని నాకే అనుమానమొచ్చింది..."

ఆమె చెప్పుకుపోతోంది. ఒకచోట ఆగింది. యోహాను వేలు బొత్తాం మీదికి వెళ్ళబోయింది. వెళ్ళలేదు. మైకు ఒళ్ళో పెట్టుకుని, తల వంచుకుని కూర్చున్నాడు. ఆమె మళ్ళీ అందుకుంది. తొమ్మిది రోజుల సంగతీ చెప్పింది. ఎవరికి జ్వరమొచ్చిందో, ఏ మాత్రలు అయిపోయాయో, ఎవరి గోడ కూలిందో, అన్నీ చెప్పింది. అతను ఆ మాత్రల పేర్లు ఒక్కటీ పోకుండా రాసుకున్నాడు. రాసుకున్నది మీటింగుకని తెచ్చిన కాయితం వెనకపక్క.

"అంతే మాష్టారూ. ఉంటాను" అంది చివరికి. గొంతు తేలికపడింది.

"మంచిదమ్మా" అన్నాడు యోహాను.

పొద్దుగూకగానే చేసే మగ్రిబ్ నమాజు వేళ దాటిపోతోందని సాహెబుగారు కర్ర అందుకుని కారు దిగారు. యోహాను గబగబా ఇటు తిరిగొచ్చి ఆయన చెయ్యి పట్టుకున్నాడు. కళ్ళు నీళ్ళతో నిండి ఉన్నాయి, దాచుకునే ప్రయత్నం కూడా చెయ్యలేదు.

"ఆమె అన్నీ చెప్పింది గానీ గురువుగారూ, నేను క్షమించమని ఒక్కమాట కూడా అడగలేదు."

"అడిగావుగా నాయనా, ఇంతసేపూ" అన్నారు మస్తాన్ సాహెబుగారు.