మిట్టమధ్యాహ్నపు ఏడుపు

అనగనగా సముద్రం ఒడ్డున ఒక పల్లె ఉండేది, బంగారూ. ఆ పల్లెలో వలలు బాగుచేసే పోలమ్మ ఉండేది. మనిషి మంచిదే, కానీ ఎవరు ఏడ్చినా ఓర్చుకోలేకపోయేది. "ఊరుకోవే, లోకంలో నీకొక్కదానికేనా కష్టం?" అనేది.

పక్కింటి కాసులమ్మ కొడుకుని సముద్రం మింగేసినప్పుడూ అదే మాట అంది. అప్పుడు కాసులమ్మ ఏడుపు ఆపేసింది. ఆ తర్వాత మాట ఆపేసింది. ఆ తర్వాత ముద్ద ముట్టడం మానేసింది. వానలు పడకముందే పోయింది, పాపం.

అప్పుడు మొదలైంది. మిట్టమధ్యాహ్నం, మగవాళ్ళంతా చేపల వేటకి పోయిన వేళ, గొళ్ళెం పెట్టిన కాసులమ్మ ఇంట్లోంచి సన్నగా ఏడుపు వినిపించేది. అది విన్న రోజు నుంచీ పోలమ్మ కూతురి బిడ్డ, నెలల పిల్ల, పాలు తాగడం మానేసింది.

మొదట భూతవైద్యుడు వచ్చాడు. వేపమండలతో తలుపు బాది "పో!" అన్నాడు. ఏడుపు పెద్దదైంది.

ఆ తర్వాత ఊరిపెద్ద వచ్చి ఆ తలుపు ముందు నిలబడ్డాడు. "ఎవరి రాత వాళ్ళది తల్లీ" అన్నాడు. ఇంటి పెంకులు గలగలా కదిలాయి. "రేపు ఇల్లు తగలబెట్టేద్దాం" అన్నారందరూ.

పిల్ల డొక్కలు ఎండిపోతున్నాయి. అప్పుడు పోలమ్మ, కాసులమ్మతో తనన్న మాట గుర్తొచ్చి, ఒక్కతే వెళ్ళి గొళ్ళెం తీసింది. లోపల ఎవరూ లేరు. నేలంతా తడి, ఉప్పునీళ్ళ వాసన. భయపడకు బంగారూ, నన్ను పట్టుకో. పోలమ్మకీ భయమేసింది. అయినా ఆ తడిలోనే కూర్చుంది.

"కాసులూ, నీ పిల్లాడి గురించి చెప్పవే. నేను వింటా."

ఏడుపు ఆగింది. చెవికి ఆనుకున్నంత దగ్గరగా గొంతు వచ్చింది. "వాడికి వేయించిన నెత్తళ్ళ చేపలంటే ప్రాణం... ఉరుమంటే భయం... ఆ రోజు వేటకి వెళ్ళనంటే నేనే తిట్టి పంపించా, పోలీ."

ఆ మాట ఆమె ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పుకోలేదు. పోలమ్మ భోరుమంది. తడిసిన చల్లటి చెయ్యి ఒకటి ఆమె చేతిలోకి వచ్చింది. పోలమ్మ వెనక్కి లాక్కోలేదు. పొద్దు వాలేదాకా ఇద్దరూ ఏడ్చారు.

ఆ తర్వాత చూస్తే చేతిలో చెయ్యి లేదు. నేల పొడిగా ఉంది.

ఇంటికొచ్చేసరికి పిల్ల తల్లి ఒళ్ళో గుటకలేస్తూ పాలు తాగుతోంది. కూతురి కళ్ళు మాత్రం ఉబ్బి ఉన్నాయి. "ఏం లేదులేమ్మా" అని మొహం తిప్పుకుంది.

పోలమ్మ వెళ్ళి పక్కన చతికిలబడింది. కూతురి తల భుజానికి ఆనించుకుని, అది నోరు విప్పేదాకా అలాగే కూర్చుంది.

కథేమో కంచి దారి పట్టింది, నిద్రేమో నీ కంటి రెప్ప తట్టింది.