కారు వెనక మేళం

ఉదయం ఏడూ ఇరవైకి సుభాని నాదస్వరం కొసన పెట్టి ఊదే పీకను గ్లాసులో నీళ్లు పోసి నానేశాడు. కింది పెదవి పగిలి ఉంది. తడి వేలు తగిలితే మండింది.

పోయిన గురువారం సత్తెనపల్లి పెళ్లిలో, గట్టిమేళం మధ్యలో అతని ఊపిరి తెగింది. పెళ్లికొడుకు అప్పుడు రెండో ముడి వేస్తున్నాడు. మూడో ముడికి డోలు ఒక్కటే మోగింది. ఆ వేళ తుమ్మో చెడ్డ మాటో చెవిన పడకూడదని వాయించేదే గట్టిమేళం. అది ఆగిపోవడాన్ని మించిన అపశకునం లేదు. ఆ ఇంటి పెద్దాయన మాట్లాడుకున్న డబ్బు లెక్కపెట్టి చేతిలో పెట్టాడు. తిట్టినా బాగుండేదని సుభానికి అనిపించింది.

"ఇవాళా అట్టాగే అయితే ఇక వాయించను గురువుగారూ," అన్నాడు. "మిర్చి కోల్డ్ స్టోరేజీలో గుమాస్తా పని ఉందంటున్నారు."

దస్తగిరి సాహెబ్ విడిది ఇంటి వరండాలో కూర్చుని కంచు తాళాలు గుడ్డతో తుడుచుకుంటున్నాడు. ముందుపళ్లు ఊడాక ఆయన నాదస్వరం వదిలేశాడు. అప్పటినుంచి శిష్యుడి పక్కన తాళం వేస్తున్నాడు.

"మీకు అన్నేళ్లు ఊపిరి ఎట్టా నిలిచింది?"

"పీక నానిందేమో చూడు," అన్నాడు ముసలాయన.

బయట ఎర్రటి స్పోర్ట్స్ కారు పూలు కట్టుకుని సిద్ధంగా ఉంది. పెళ్లికొడుకు స్నేహితుడు ధీరజ్ దాన్ని హైదరాబాద్ నుంచి నరసరావుపేట దాకా తోలుకొచ్చాడు. ఊరేగింపులో మేళం ముందు నడవడం రివాజు. ఇవాళ ముందు డీజే బండి ఉంది. ఫొటోలవాళ్లు మేళాన్ని కారు వెనక్కి పంపారు.

"పదండి," అన్నాడు డోలు కోటయ్య. "ఇవాళ కారు పొగకి కచేరీ."

గురువు ఏమంటాడోనని సుభాని చూశాడు. ఆయన చెప్పులు వేసుకుని వెళ్లి కారు వెనక నిలబడ్డాడు.

సుభాని మొదటి అడుగులోనే పై స్థాయి అందుకున్నాడు. డీజేను దాటాలి. నలుగురైనా ఇటు తిరిగి చూడాలి. రెండు వీధులు దాటేసరికి మెడ నరాలు ఉబ్బాయి, పెదవి చిట్లింది. తిరిగి చూసినవాడు లేడు.

మార్కెట్ సెంటర్లో కారు ఆగింది. ధీరజ్ దిగి అద్దం తుడుస్తున్నాడు. కారు వెనక డిక్కీ మీద, అడ్డంగా ఒక ఎర్ర రెక్క లేచి ఉంది. దస్తగిరి సాహెబ్ దాన్ని వేలితో తాకాడు.

"ఇదేంటి బాబూ?"

"స్పాయిలర్ తాతా. స్పీడు నూట ఇరవై దాటితే దానంతటదే లేస్తుంది. ఆ గాలికి బండి వెనక భాగం తేలిపోకుండా నొక్కి పట్టుకుంటుంది. స్పీడు తగ్గితే మళ్లీ లోపలికి దిగిపోతుంది."

"ఇప్పుడెంతలో పోతున్నాం?"

"మీరు నడిచే వస్తున్నారుగా."

"మరి లేచే ఉంది."

"నేనే బటన్ నొక్కి లేపా. వీడియో తీస్తున్నారుగా. దించితే మామూలు కారులా ఉంటుంది." ధీరజ్ నవ్వాడు. "మామూలు కారైతే ఇంత దూరం తేవడం ఎందుకు తాతా?"

"ఒకసారి దించి చూపిస్తావా?"

ధీరజ్ లోపలికి వంగి బటన్ నొక్కాడు. రెక్క నెమ్మదిగా దిగి కారు వీపులో కలిసిపోయింది. అతుకు ఎక్కడుందో కూడా సరిగా తెలియలేదు. ముసలాయన ఆ చోట అరచేత్తో రాశాడు.

"బాగుంది," అన్నాడు. "ఇంత నున్నగా ఉంటుందనుకోలేదు."

ఆయన సుభాని వైపు చూడలేదు. ధీరజ్ రెక్క మళ్లీ లేపుకుని కారు కదిలించాడు.

దస్తగిరి సాహెబ్ తాళం మొదలుపెట్టాడు. ఈసారి అది విడిదిలో బయలుదేరినప్పటి తాళం కాదు. మోకాళ్ల నొప్పులున్న మనిషి నడకకు సరిపోయే తాళం. సుభాని కాసేపు తన వేగంలోనే లాగాడు. తాళం వేగం పెరగలేదు. కోటయ్య ముసలాయన చేతులు చూసి డోలు తగ్గించాడు. ఇక ఒంటరిగా పైన ఉండలేక సుభాని కిందికి దిగాడు. మంద్రంలో అతని పాట మొత్తం డీజే హోరులో మునిగిపోయింది.

పీక నోట్లోంచి తీశాడు. "ఏమీ వినపడటం లేదు గురువుగారూ."

"నాకు వినపడుతోంది," అన్నాడాయన.

కల్యాణ మండపం దాకా అట్టాగే నడిచారు. మలుపు వచ్చినప్పుడల్లా కెమెరా అతను చెయ్యి ఊపేవాడు, ధీరజ్ బటన్ నొక్కేవాడు. ముందున్న రెక్క దిగేది, లేచేది. దాన్ని చూస్తూ సుభాని వాయిస్తూనే ఉన్నాడు. పెదవిపై నెత్తురు ఆరిపోయింది.

డీజే బండి మండపం గేటు బయటే ఆగిపోయింది. లోపల మంత్రాలు, పిల్లల ఏడుపులు, కుర్చీలు జరుపుతున్న చప్పుడు. పురోహితుడు చెయ్యెత్తాడు.

"గట్టిమేళం, గట్టిమేళం."

ముసలాయన చేతుల్లో తాళాలు పరుగెత్తాయి. ఆ పొద్దున అదే మొదటిసారి. సుభాని పై స్థాయి అందుకున్నాడు. మొదటి ముడి పడింది. రెండోది. మూడో ముడి పెళ్లికొడుకు వేళ్లలోంచి జారింది. మళ్లీ వేయబోయాడు, మళ్లీ జారింది. సుభాని కళ్లు మూసుకున్నాడు. మూడో ముడి బిగిసి, పురోహితుడు ఇక చాలని చెయ్యి చూపాక, కోటయ్య భుజం తడితే గాని అతను ఆపలేదు.

మెచ్చుకున్నవాళ్లు లేరు. జనం అక్షింతలు వేసి టిఫిన్ల వైపు నడిచారు. సుభాని గోడకి ఆనుకుని గురువు పక్కన కూలబడ్డాడు. ఏదో అడగబోయాడు.

"పీక కడిగి ఆరబెట్టు," అన్నాడు దస్తగిరి సాహెబ్, తాళాలు గుడ్డలో చుడుతూ.

కొన్నాళ్లకి పెళ్లివారు వ్రతానికి పిలిస్తే వెళ్లిన కోటయ్య ఒక కబురు తెచ్చాడు. తిరుగు ప్రయాణంలో హైవే ఎక్కి ధీరజ్ కారు వేగం పెంచితే, వెనక రెక్క లేవలేదట. ఊరేగింపు పొడుగునా లేపీ దించీ దాని మోటారు కాలిపోయింది. వేగం పెంచితే వెనక తేలిపోతుందని, హైదరాబాద్ దాకా ఆ కారు లారీల వెనకే వెళ్లిందట.