సగం కడవ

"నాలుగు రోజులుగా రాళ్ళకు పాఠం చెబుతున్నట్టుంది స్వామీ. ఒక్కరూ నోరు విప్పరు!" అని నాగలింగం గురువుగారి దగ్గర మొరపెట్టుకున్నాడు.

ఎందుకు విప్పరో అతనికి తెలుసు. ఆ సంగతి మాత్రం చెప్పలేదు.

కొండమీది మఠంలో సాయంత్రాలు పనులు ముగించుకొచ్చిన వాళ్ళకు పద్యాలు చెప్పడం అతని పని. నాలుగు రోజుల కిందట గురువు శరభయ్యస్వామి పడుచుతనంలో రాసిన పద్యం ఎత్తుకున్నాడు. ఏటికెళ్ళిన ఇల్లాలు నిండు కడవతో బయల్దేరి సగం కడవతో ఇల్లు చేరుతుంది. పద్యం అంతే.

"కడవంటే దేహం. కారిపోయిన నీళ్ళు ఆయుష్షు," అన్నాడు నాగలింగం.

మఠానికి నీళ్ళు మోసే ఈరమ్మ కిసుక్కున నవ్వింది. "కారిపోవడమేంటయ్యా? దారిలో ఎవరి దాహానికో పోసుంటుంది."

"కాదు, లేగదూడ మూతి పెట్టుంటుంది!" అన్నారు వెనక నుంచెవరో. అంతా పకపకా నవ్వారు. నాగలింగానికి ఒళ్ళు మండింది.

"నీళ్ళు మోసేదానికి వేదాంతమేం తెలుస్తుంది? నోర్ముయ్!"

ఈరమ్మ నోరు మూసుకుంది. ఆమెతోపాటు అందరూ మూసుకున్నారు. మర్నాటి నుంచి ఆమె పాఠానికి రావడమే మానేసింది.

మొరంతా విని గురువు, "సరేలే. రేపు ఈరమ్మను రావద్దన్నాను. నీళ్ళు నువ్వు తే," అన్నాడు.

పొద్దున నాగలింగం నిండు కడవ భుజానికెత్తుకుని మెట్లెక్కాడు. మొదటి మలుపులో చూపులేని అవ్వ అడుగుల చప్పుడు విని దోసిలి పట్టింది.

"ఇంతాలస్యమేం ఈరమ్మా? నోరెండిపోతోంది."

తాను ఈరమ్మను కాదని చెప్పడానికి అతనికి నోరు రాలేదు. కడవ వంచాడు. పైన రాళ్ళు కొట్టేవాళ్ళు నలుగురు, రోజూ అలవాటే కాబోలు, చేతులు దులుపుకుని వరసగా కూర్చున్నారు.

"ఈరమ్మకు ఒంట్లో బాగాలేదా సామీ?"

నాగలింగం సిగ్గుతో చచ్చిపోయాడు.

మఠంలో గురువు కడవలోకి తొంగిచూసి కనుబొమలెగరేశాడు. "సగమే ఉందేం నాయనా? ఆయుష్షు కారిపోయిందా?"

నాగలింగం తలెత్తలేకపోయాడు. "మీరు ఇదే అనుకుని రాశారా స్వామీ?"

"రాసినప్పుడు నాకేం తెలుసు? మొన్న ఈరమ్మ ఆ మాట అంటే, గోడవతల నేనూ నవ్వాను."

ఆ సాయంత్రం నాగలింగం ఈరమ్మ గుడిసె ముందు నిలబడ్డాడు. ఆమెను చూడ్డానికి మొహం చెల్లలేదు. నేలకేసి చూస్తూ అన్నాడు.

"ఆ పద్యం నాకు తెలీదు ఈరమ్మా. వచ్చి చెబుతావా?"

ఈరమ్మ చెంగుతో చేతులు తుడుచుకుని లేచింది.

"నేను చెప్పిందొక్కటేనా? మరి ఆ దూడ మాటేంటయ్యా?"