అరచేతి పరీక్ష

ఎవరైనా ప్రశ్న అడిగితే సోమలింగాచారి గారు ముందు చేతులు తుడుచుకునేవారు. గుడ్డ ఎంత మురికిదైనా సరే, ఒక్కొక్క వేలూ తీరిగ్గా తుడుచుకున్నాకే నోరు విప్పేవారు. అడిగినవాడు తొందరమనిషైతే ఈలోగా లేచి వెళ్ళిపోయేవాడు. అలా వెళ్ళినవాళ్ళకి జవాబుతో పని లేదని ఆయన నమ్మకం.

కాకినాడ చేపలరేవుకి పోయే దారిలో ఆయన కొట్టు. బోటు ఇంజన్ల డీజిల్ పంపులూ నాజిళ్ళూ బాగుచేయడం ఆయన పని. గురువంటే గడ్డం, కమండలం ఉండి తీరాలనుకునేవాళ్ళకి ఆయన్ని చూస్తే నవ్వు రావచ్చు. గళ్ళ లుంగీ, చిల్లులు పడ్డ బనీను, చెవి మీద పెన్సిలు. అయితేనేం, ఆయన దగ్గర పని నేర్చుకుని బతుకుతున్నవాళ్ళు ఈ తీరం పొడుగునా ప్రతి రేవులోనూ ఉన్నారు. నేను ఎదురు కొట్లో బేరింగులు అమ్మేవాణ్ణి. బేరం లేనప్పుడు, అంటే ఇంచుమించు ఎప్పుడూ, వాళ్ళ బల్ల మీదే కూర్చునేవాణ్ణి. ఈ సంగతి నా చెవిన పడింది అందుకే.

ఆ రోజుల్లో ఆయనకి ధనంజయ అనే శిష్యుడు ఉండేవాడు. ముప్పై ఏళ్ళవాడు, ఇద్దరు పిల్లల తండ్రి, ఆ కొట్లో ఆరేళ్ళుగా పనిచేస్తున్నాడు. పనిమంతుడు, కాదంటే కళ్ళు పోతాయి. నిండుకుండ తొణకదంటారు గానీ, మనవాడి కుండ మాత్రం అప్పట్లో వీధంతా తడిపేది.

ఒకనాటి మధ్యాహ్నం ఒక బోటు యజమాని అల్లుడు వచ్చాడు. చదువుకున్నవాడు, కొత్తగా బోటు వ్యవహారంలో దిగినవాడు. డీజిల్ ఇంజను ఎలా నడుస్తుందో తనకి అర్థమయ్యేలా చెప్పమన్నాడు. ధనంజయ అందుకున్నాడు. పెట్రోలుకి నిప్పురవ్వ కావాలి, డీజిల్‌కి అక్కర్లేదన్నాడు. సిలిండర్లో గాలిని పిస్టన్ పైకి తోసి ఇరవయ్యో వంతు చోట్లోకి కుక్కేస్తుంది. అలా నలిగిన గాలి ఎంత వేడెక్కుతుందంటే, దాంట్లో పడ్డ నూనె తనంతట తనే అంటుకుంటుంది. అయితే నూనె ధారగా పడితే లాభం లేదు. పంపు దాన్ని రెండువందల కేజీల ఒత్తిడితో నెట్టాలి, నాజిల్ కొనలో వెంట్రుకంత బెజ్జాల్లోంచి అది పొగమంచులా పడాలి, అదీ సరిగ్గా పిస్టన్ పైకి చేరే వేళకి. క్షణంలో ఎన్నో వంతు ముందైనా ఇంజను కొట్టుకుంటుంది, వెనకైనా పొగ కక్కుతుంది. ఇదంతా ఆ అల్లుడు నోరు తెరుచుకుని విన్నాడు. ఆచారి గారు తలెత్తకుండా విన్నారు. ఎక్కడా తప్పు దొరకలేదు కాబోలు, మధ్యలో ఒక్క మాటా అనలేదు.

వచ్చినాయన మెచ్చుకుని వెళ్ళిపోయాడు. ధనంజయ గురువు ముందుకొచ్చి నిలబడ్డాడు. ఉప్పాడలో సొంతంగా కొట్టు పెట్టుకోవాలని వాడి ఆశ, ఆ విషయం వీధిలో కుక్కలకి కూడా తెలుసు. అనుమతి అడగడానికి మొహమాటపడి, ఇంకోలా అడిగాడు.

"గురువుగారూ, ఇంక నాకు తెలీనిది ఏవుందండి?"

ఆచారి గారు గుడ్డ తీసుకున్నారు. ఆ రోజు చేతులు తుడుచుకోవడానికి మామూలు కంటే చాలాసేపు పట్టింది. తర్వాత, తన దగ్గర సూరిబాబని ఒకడుండేవాడని మొదలుపెట్టారు. సూరిబాబు పేరు ఆ వీధిలో అందరం విన్నదే, కానీ ఆయన నోట మేం వినడం అదే మొదలు. ఆయన చెప్పినదాన్ని నేను నా మాటల్లో చెబుతున్నాను.

అప్పటికి పదిహేనేళ్ళ కిందటి సంగతి. సూరిబాబు చేపల వేటకెళ్ళే ఇంట్లోనే పుట్టాడు. కానీ బోటెక్కితే చాలు, కడుపులో పేగులు నోట్లోకి వచ్చేవి. సముద్రం ఒప్పుకోక ఒడ్డునే పని వెతుక్కున్నాడు. వాడిది ఎడమచేతి వాటం. ఆ చేత్తో నాజిల్ లోపలి సూది పట్టుకుని ఒక్కసారి జార్చి చూస్తే, అది ఎంత అరిగిందో చెప్పేసేవాడు. అలాంటి చెయ్యి నూటికో కోటికో ఒకటి ఉంటుందని ఆచారి గారే అన్నారు. ఆయనకి పిల్లల్లేరు. కొట్టు వాడికే ఇద్దామని మనసులో అనేసుకున్నారు.

నాజిల్ మంచిదో కాదో చూసే మిషను అప్పట్లో ఆ కొట్లో లేదు. కొనలేక కాదు, గర్వం. మిషను చేతులు లేనివాళ్ళకి గానీ మనకెందుకు అనేవారట. ఆయనది అరచేతి పరీక్ష. ఇంజన్లోంచి నాజిల్ ఊడదీసి, దాని గొట్టానికే మళ్ళీ బయటివైపు తిప్పి బిగించేవారు. ఒకరు హ్యాండిల్ పట్టి ఇంజను తిప్పితే, ఇంకొకరు నాజిల్‌కి మూరెడు దూరంలో అరచెయ్యి పట్టాలి. అరచేతిలో నాలుగు చోట్ల ఒకేలా చెమ్మ తగిలితే నాజిల్ మంచిది. చుక్క రాలినా, ఒక చోట పొడిగా ఉన్నా, చెడింది. ఏ బెజ్జం పూడిందో కూడా ఆ తడిని బట్టి చెప్పేవారు. రేవులో జనం పనులు మానుకుని మరీ చూసేవారు.

ఆ ఏడు వేట నిషేధం ముగిసిన రోజు. నెలన్నరగా కట్టేసి ఉన్న బోట్లన్నీ ఒక్కసారిగా సముద్రం మీద పడుతున్నాయి. ఒక చిన్న బోటు మాత్రం నల్లటి పొగ వదులుతూ కదలనని కూర్చుంది. దాన్ని నడిపే సరంగు గట్టు మీద కాళ్ళు కాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. ముందు వెళ్ళినవాళ్ళకే చేప, వెనక వెళ్ళినవాళ్ళకి నీళ్ళు. ఆచారి గారే స్వయంగా హ్యాండిల్ పట్టారు. సూరిబాబు నాజిల్ ముందు ఎడమ చెయ్యి పెట్టాడు. సముద్రం వైపు నుంచి గాలి విసురుగా కొడుతోంది. తుంపర చేతికి తగలకుండానే చెదిరిపోతోంది. రెండుసార్లు తిప్పినా వాడు తేల్చలేకపోయాడు. చుట్టూ జనం, నెత్తిమీద సరంగు.

"దగ్గరగా పెట్టరా," అన్నారు ఆచారి గారు, వాడికి మాత్రమే వినపడేలా.

వాడు పెట్టాడు. రెండు వేళ్ళ దూరం కూడా లేదట. ఆయన హ్యాండిల్ బలంగా తిప్పారు. సూరిబాబు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

చూస్తే చూపుడు వేలి కొన మీద సూదిపోటంత గుర్తు. రక్తం లేదు. నొప్పి ఉందా అంటే, చీమ కుట్టినట్టుందన్నాడు. ఆచారి గారు ఆ వేలు చూసి, డీజిల్ తాగిన వేలికి ఈ జన్మలో తుప్పు పట్టదని వేళాకోళం ఆడారు. అందరూ నవ్వారు, సూరిబాబూ నవ్వాడు. లోపం రెండో నాజిల్‌లో ఉందని తేలింది. దాన్ని సరిచేశారు. బోటు వెళ్ళిపోయింది.

సాయంత్రం కొట్టు కట్టేవేళకి వేలు తెల్లగా పాలిపోయి లావెక్కింది. ఆ వేలు తనది కానట్టుందని సూరిబాబు చెప్పాడు. ఆచారి గారు దాన్ని వెలుతురుకి పట్టి చూశారు. అప్పుడు ఆయన మనసులో ఒక మాట మెదిలింది. నాజిల్ బెజ్జం ఎంతో ఆయనకి తెలుసు. దాంట్లోంచి ఎంత బలంతో వస్తుందో తెలుసు. సిలిండర్లో బిగిసిపోయిన గాలినే చీల్చుకుని పోయేది, మనిషి చర్మం దగ్గర ఆగుతుందా? లోపలికి పోయింది లోపల ఊరుకుంటుందా? ఇంతవరకూ వచ్చిన ఆలోచనని ఆయన అక్కడే తొక్కిపెట్టేశారు. సూదిపోటు పట్టుకుని పెద్దాసుపత్రికి పరుగెడితే రేవంతా నవ్వుతుంది. నవ్వకపోతే మరీ ఘోరం. అరచేతి పరీక్ష పేరు ఆ పూటతో మంటగలిసిపోతుంది. ఉప్పేసిన వేణ్ణీళ్ళలో ముంచమని, తెల్లారేసరికి తగ్గుతుందని చెప్పి వాణ్ణి ఇంటికి పంపారు.

మర్నాడు మణికట్టు దాకా వాచింది. వీధి చివర ఆర్‌ఎంపీ ఒక సూదిమందు పొడిచాడు. సాయంత్రం ఆచారి గారు వెళ్ళి తగ్గిందా అని అడిగారు. అడిగిన తీరు ఎలా ఉందో మరి, సూరిబాబు తగ్గిందండి అన్నాడు. గురువు చెప్పాక తగ్గకపోవడం మర్యాద కాదనుకున్నాడు. మనవాళ్ళ భక్తి ఇలాగే ఏడుస్తుంది. ఒళ్ళు కుళ్ళిపోతున్నా పెద్దవాళ్ళ మాట తప్పు కాకూడదు.

మూడోనాడు పొద్దున్నే సూరిబాబు భార్య నాగరత్నం వచ్చి కొట్టు మెట్టు కింద నిలబడింది. పైకి రాలేదు, ఏడవలేదు.

"మీరు చెప్తేగానీ ఆసుపత్రికి రానంటన్నాడండి," అంది.

ఆయన వెళ్ళి చూసేసరికి చెయ్యి మోచేతి దాకా నిగనిగలాడుతూ ఉబ్బింది. వేలు నల్లబడింది. దగ్గరికి వెళితే వాసన. ఆటోలో ఎక్కించి తీసుకెళుతుంటే సూరిబాబు జ్వరంలో తల ఆయన భుజం మీద వేసి మాట్లాడుతూనే ఉన్నాడు. చాలావరకు అర్థంలేని మాటలే. ఒక్కటి మాత్రం ఆయనకి స్పష్టంగా వినపడింది.

"లోపల కాలిపోతందండి. నిప్పు లేకుండానే అంటుకుంటదని మీరే చెప్పారు గదండి."

ఆసుపత్రిలో డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. ఎప్పుడు జరిగిందని అడిగితే మొన్న పొద్దున అన్నారు. ఏం గుచ్చుకుందంటే గుచ్చుకోలేదు, డీజిల్ కొట్టిందన్నారు. అది ఎంత ఒత్తిడితో వస్తుందో ఏమైనా తెలుసా అని ఆవిడ అడిగింది. ఆచారి గారు ఆలోచించకుండానే రెండువందల కేజీలని చెప్పేశారు. శిష్యులకి ఎన్నివందలసార్లు చెప్పారో, నోటికి అలవాటైపోయిన జవాబు. ఆవిడ రాయడం ఆపి ఆయన మొహంలోకి చూసింది. మొదటిరోజే తెచ్చి ఉంటే వేలు చీరి, లోపల కడిగేవాళ్ళమని, ఇప్పుడు చెయ్యి ఉంచితే మనిషి దక్కడని చెప్పింది. కాగితం మీద నాగరత్నం సంతకం పెట్టింది. మోచేతికి రెండు అంగుళాల కింద తీసేశారు. అలాంటి చెయ్యి!

ఆ తర్వాతి వారమే కొట్లోకి మిషను వచ్చింది. సూరిబాబు మళ్ళీ స్పానర్ పట్టలేదు. ఐసు ఫ్యాక్టరీ గేటు దగ్గర కాపలా పని దొరికింది. ఎవరడిగినా తొందరలో తనే చెయ్యి దగ్గరగా పెట్టానని, తప్పు తనదేనని చెప్పాడు. రేవంతా అదే నమ్మింది. ఎదురు కొట్టువాణ్ణి, నేనూ అదే నమ్మాను. ఏమరుపాటుగా ఉండేవాళ్ళకి ఉదాహరణగా సూరిబాబు పేరు చెప్పినవాళ్ళలో నేనూ ఉన్నాను, తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఇన్నేళ్ళలో ఆచారి గారు ఆ మాట కాదనలేదు. ఇప్పటికీ ఆయన ఆ గేటు ముందు నుంచి వెళితే వాడు కుర్చీలోంచి లేచి నిలబడతాడట.

చెప్పడం అయ్యాక ధనంజయ తన చేతుల వంక చూసుకుంటూ నిలబడ్డాడు. సొంత కొట్టు సంగతి వాడి మొహంలో ఎక్కడా లేదు. గురువు కళ్ళు ఎర్రబడ్డాయని గమనించి పాపం ఓదార్చబోయాడు. మంచి మనసుతోనే అన్నాడు, ఆ మాట నేను ఒప్పుకుంటాను.

"ఊరుకోండి గురువుగారూ. అప్పుడు మీకు తెలీక జరిగిపోయింది."

ఆచారి గారు తల అడ్డంగా ఊపారు.

"ఆ రోజు నాకు తెలీనిదంటూ ఏవీ లేదురా," అన్నారు.